తుపాకీ కాదు, ఆయన చేతిలో పని ఉంది!

దూరదర్శన్ ఒక్కటే ఉన్న రోజులు మీకు గుర్తుండే ఉంటాయి. డాబా మీద ఇనుప గొట్టం, దాని కొసన చేపముల్లులాంటి యాంటెన్నా. గాలి వీచినా, కాకి వాలినా టీవీలో బొమ్మ కాస్తా చుక్కలు చుక్కలైపోయేది. నాన్న పైకెక్కి గొట్టం తిప్పేవారు. అమ్మ టీవీ ముందు కూర్చునేది. మెట్ల మధ్యలో నేను నిలబడి అమ్మ మాట నాన్నకీ, నాన్న మాట అమ్మకీ చేరవేసేదాన్ని. "వచ్చిందా?" "వచ్చింది... పోయింది... ఆఁ, ఆఁ, అక్కడే ఆపమను!" ఆదివారం సినిమా సగం ఈ గొడవలోనే అయిపోయేది.

మొన్న సంక్రాంతికి అందరం కలిసినప్పుడు ఈ ముచ్చట చెబితే మా చెల్లెలి భర్త పగలబడి నవ్వారు.

"వదినా! మిలటరీలో నేను పదిహేడేళ్లు చేసిన ఉద్యోగం అదే. కాకపోతే మా డాబా కొంచెం ఎత్తు. కింది నుంచి అరిచేది మా సుబేదారు!"

అందరం నవ్వాం. మా చెల్లెలు మాత్రం నవ్వలేదు. మూకుట్లో గారెలు తిరగేస్తూ, "ఇవాళ ఇంత బాగా చెబుతున్నారు కదా... అప్పట్లో ఎవరైనా అడిగితే 'ఏముంది, మిలటరీలో ఉండేవాణ్ణి' అని ఊరుకునేవారు. ఆ ఒక్క ముక్కతోనే మా కష్టాలన్నీ మొదలయ్యాయి" అంది.

నిజమే. ఆ కష్టాల్లో కొన్ని నేను ఫోనులో విన్నాను, కొన్ని కళ్లారా చూశాను. మన ఊళ్లలో సైన్యంలో మనిషి లేని బంధువర్గం అరుదు. తాడేపల్లిగూడెం దగ్గర మాధవరానికైతే 'మిలటరీ మాధవరం' అనే పేరే స్థిరపడిపోయింది. సరిహద్దుకు పంపేటప్పుడు హారతిచ్చి పంపుతాం. మరి తిరిగొచ్చాక? అక్కడ నేర్చిన పని ఇక్కడేమవుతుందని మనలో ఎంతమందిమి ఆలోచించాం?

ముప్పై ఏడేళ్లకే 'రిటైర్డు'

మరిది గారు పనిచేసింది సైన్యంలోని సిగ్నల్స్ దళంలో. 1911 ఫిబ్రవరి 15న ఏర్పడిన దళమది. 'తీవ్ర చౌకస్' అన్నది దాని నినాదం. చురుగ్గా, అప్రమత్తంగా ఉండమని. పంతొమ్మిదో ఏట చేరి, జబల్పూరులో శిక్షణ పొంది, ఆ తర్వాత మంచుకొండల నుంచి ఎడారి దాకా తిరిగారు. ఒక శిబిరం నుంచి ఇంకో శిబిరానికి మాట చేరాలంటే రేడియో ఉండాలి, రేడియోకి యాంటెన్నా ఉండాలి. ఆ యాంటెన్నా నిలబెట్టడం, దాని దిశ సరిచూడటం, గాలికి పడకుండా, వానకు చెడకుండా కాచుకోవడం ఈయన పని.

సైన్యంలో జవాన్లు, హవల్దార్లు చాలామంది ముప్పై అయిదుకీ నలభై అయిదుకీ మధ్యలోనే ఇంటికొచ్చేస్తారు. పదిహేనేళ్ల సర్వీసు నిండితే పింఛను వస్తుంది. అది ఆఖరి జీతంలో సుమారు సగం. మిగిలిన సగం ఎక్కడి నుంచి రావాలి? పిల్లలేమో అప్పుడే హైస్కూలు మెట్లెక్కుతుంటారు. మన ఆఫీసుల్లో మగవాళ్లకు ప్రమోషన్లు వచ్చే వయసులో ఈయన పేరు ముందు 'మాజీ' చేరిపోతుంది.

పెట్టె దించిన మొదటి నెల ఇల్లంతా పండగే. రెండో నెల నుంచి మొదలైంది తంతు. తెల్లవారుజామున అయిదింటికే పిల్లల్ని లేపడం, వంటింట్లో డబ్బాలన్నీ పొడుగు ప్రకారం వరస పెట్టడం! "ఏమండీ, ఇది బారకు కాదు, ఇల్లు" అని మా చెల్లెలు ఒకటి రెండుసార్లు అననే అంది. పదిహేడేళ్లు ఆ ఇంటిని నడిపింది తను. గ్యాసు బుకింగు నుంచి మామగారి కంటి ఆపరేషను దాకా ఎవరినీ అడక్కుండా చేసుకుంది. ఆ ఇంట్లో తనకంటూ ఏ పని మిగిలిందో ఆయనకు తెలియదు. వాకిట్లో అరుగు మీద కూర్చుంటే పోయేవాళ్లూ వచ్చేవాళ్లూ, "ఏం బాబూ, ఇంకేం చేద్దామని?" అనడం. ఆ ప్రశ్నకు జడిసి ఆయన అరుగు మీద కూర్చోవడమే మానేశారు.

గుమ్మం దగ్గరి కుర్చీ

మూడో నెలలో ఒక సెక్యూరిటీ ఏజెన్సీ వాళ్లు కబురు చేశారు. బ్యాంకు గుమ్మంలో తుపాకీ పట్టుకుని కూర్చునే ఉద్యోగం. వెంటనే చేరాలన్నారు. ఈయన సరేననేశారు.

ఆ రాత్రి మా చెల్లెలు ఫోను చేసింది. "అక్కా! ఏ పనైనా చిన్నది కాదని నాకూ తెలుసు. ఆయనకి ఇష్టమై వెళ్తుంటే నేను టిఫిన్ డబ్బా కట్టి పంపేదాన్ని. కానీ 'నాకింకేం వచ్చుననీ' అంటూ వెళ్తున్నారు. అది నాకు మింగుడు పడటం లేదు" అంది.

అంతకుముందు ఆయన ప్రయత్నం చేయకపోలేదు. ఒక కంపెనీలో ఇంటర్వ్యూకి వెళ్లొచ్చారు. "డిప్లొమా ఉందా?" అని అడిగారట. లేదన్నారు. "పోనీ ఏయే పరికరాల మీద పని చేశావు? ఎక్కడ?" అన్నారట. ఈయన నోరు విప్పలేదు. ఎలా విప్పుతారు? ఏ సెట్టు, ఏ ఫ్రీక్వెన్సీ, ఏ స్థావరం అన్నవి బయట చెప్పకూడదు. 1923 నాటి అధికార రహస్యాల చట్టం ఉద్యోగం మానేసినా వదలదు. ఆయన మౌనాన్ని ఆ కుర్రాడు 'ఏమీ రాదు' అని అర్థం చేసుకున్నాడు. అయిదు నిమిషాల్లో బయటికి పంపేశారు.

చూశారా! పని చేతిలో ఉంది, కాగితం మీద లేదు. కాగితం మీద పెడదామంటే ఏం రాయాలో, ఏం రాయకూడదో చెప్పేవాళ్లు లేరు. ఎంతోమంది మాజీ సైనికులు గుమ్మం దగ్గరి కుర్చీకి చేరడానికి కారణం వాళ్లకు పని రాకపోవడం కాదు. వచ్చిన పని పేరు చెప్పలేకపోవడం.

"చూసుకోవడం అంటే ఏమిటండీ?"

మా చెల్లెలు డిగ్రీ చదివింది, ఊళ్లో కాన్వెంటులో లెక్కలు చెబుతుంది. మర్నాడు రాత్రి పిల్లలు పడుకున్నాక ఒక నోట్‌బుక్కు, పెన్ను తీసుకుని ఆయన ఎదురుగా కూర్చుందట.

"పొద్దున లేచి ఏం చేసేవారు?"

"యాంటెన్నా చూసుకునేవాణ్ణి."

"చూసుకోవడం అంటే ఏమిటండీ? పసిపిల్లాడా, చూసుకోవడానికి?"

ఆయన విసుక్కుంటూనే మొదలుపెట్టారు. స్తంభాన్ని నాలుగు వైపులా పట్టి ఉంచే తీగల బిగువు చూడాలి. బోల్టులకు తుప్పు పట్టిందేమో చూడాలి. రేడియో నుంచి యాంటెన్నా దాకా వెళ్లే కేబులు ఎక్కడైనా నలిగిందా, అతుకుల దగ్గర తడి చేరిందా చూడాలి. పిడుగు పడితే భూమిలోకి పోయేలా వేసిన ఎర్తు సరిగా పనిచేస్తోందా కొలవాలి. చివరగా మీటరు పెట్టి, పంపిన శక్తిలో ఎంత గాలిలోకి వెళ్తోంది, ఎంత వెనక్కి కొడుతోంది లెక్క చూడాలి.

"వెనక్కి కొట్టడమేమిటి?" అంది ఈవిడ.

"మూతి ఇరుకు సీసాలో చెంబుతో నీళ్లు పోస్తే ఏమవుతుంది? సగం లోపలికి, సగం నీ చేతి మీదికి. గరాటు పెడితే అన్నీ లోపలికే. కేబులుకీ యాంటెన్నాకీ అలా పొత్తు కుదరాలి. కుదిరిందో లేదో చెప్పే అంకెను వి.ఎస్.డబ్ల్యు.ఆర్. అంటాం. ఒకటి వస్తే అంతా వెళ్తున్నట్టు. రెండు వస్తే నూటికి పదకొండు పాళ్లు వెనక్కి వస్తున్నట్టు. మూడు వస్తే పాతిక పాళ్లు వెనక్కే."

అలా నాలుగు రాత్రుల్లో పద్దెనిమిది పేజీలు నిండాయి. అందులో ఒక్క స్థావరం పేరు లేదు, ఒక్క సెట్టు నంబరు లేదు. చేసిన పని మాత్రం అణువణువూ ఉంది. మా చెల్లెలు దాన్ని ఒక్క పేజీకి కుదించింది. 'మిలటరీలో సిపాయి' అన్నచోట 'యాంటెన్నాలు, కేబుళ్లు, స్తంభాల స్థాపన, నిర్వహణ, లోపాల గుర్తింపులో 17 ఏళ్ల అనుభవం. ఎత్తులో పనిచేసే శిక్షణ. నలుగురి బృందానికి నాయకత్వం' అని వచ్చింది. ఆ పేజీ చదువుకుని ఆయన చాలాసేపు ఏమీ మాట్లాడలేదట. తర్వాత ఏజెన్సీకి ఫోను చేసి, రాలేనని తనే చెప్పారట.

వానొస్తే పోయే టవరు

కథల్లోలాగా ఆ పేజీ చూసి ఎవరూ పరుగెత్తుకు రాలేదు. ఆరు నెలలు తిరిగాక సెల్ టవర్ల మరమ్మతు చేయించే ఒక కాంట్రాక్టరు, "చూద్దాం, రెండు వారాలు రండి" అన్నాడు. జీతం గొప్పగా చెప్పుకునేది కాదు. పింఛను ఉంది కాబట్టి నెట్టుకొచ్చారు.

రెండో వారంలో ఒక టవరు దగ్గరికి తీసుకెళ్లారు. వాన పడ్డప్పుడల్లా అక్కడ సిగ్నలు పోతోంది. కుర్రాళ్లు రెండుసార్లు పరికరం మార్చారు. ఎండ కాసినన్నాళ్లు బాగానే ఉండేది, మళ్లీ వానొస్తే మామూలే. మరిది గారు పైకెక్కి ఏ పరికరాన్నీ ముట్టుకోలేదట. ముందు అతుకులు చూశారు. నీళ్లు చొరకుండా చుట్టే టేపును పైనుంచి కిందికి చుట్టి ఉంచారు. అలా చుడితే ప్రతి పొర అంచూ పైకి తెరుచుకుని ఉంటుంది, జారే నీరు అందులోకే పోతుంది. కింది నుంచి పైకి చుట్టాలి. మన పెంకుటింటి కప్పు చూడండి, కింది వరస మీద పైవరస ఎక్కి ఉంటుంది, అచ్చం అలాగ. ఇంకొకటి, కేబులు పెట్టెలోకి దూరే ముందు కిందికి ఒక వంపు ఇచ్చి పైకి తీసుకెళ్లాలి. కేబులు వెంట జారే నీరు ఆ వంపు దగ్గరే బొట్లు బొట్లుగా రాలిపోతుంది. అక్కడ ఆ వంపు లేదు. నీరు తిన్నగా అతుకులోకి నడిచొచ్చింది.

తడిసిన అతుకు కోసి కొత్తది వేసి, వంపు ఇచ్చి, టేపు సరిగా చుట్టి, మీటరు పెట్టి అంకె రాసుకుని దిగారు. తర్వాత వచ్చిన తుపాను వానల్లో ఆ టవరు ఆగలేదు. కాంట్రాక్టరు అప్పటి నుంచి 'ఏమయ్యా' మానేసి 'గారూ' అనడం మొదలుపెట్టాడట!

ఇందులో మనం గమనించాల్సిన సంగతి ఒకటుంది. టవరు ఎక్కడం ఇరవైల్లో ఉన్న కుర్రాడికి ఈయనకన్నా బాగా వచ్చు. నలభై దగ్గరపడ్డ మోకాళ్లు రోజూ అంత ఎత్తు ఎక్కలేవు. ఈయన దగ్గర ఉన్నది లోపం ఎక్కడుందో పసిగట్టే చూపు. అందుకే ఎక్కే పని దగ్గరే ఉండిపోకుండా కొలిచే పని, నేర్పే పని, పర్యవేక్షించే పని వైపు జరగాలి. ఇవాళ ఆయన కింద నలుగురు కుర్రాళ్లున్నారు. వారానికి ఒకటి రెండుసార్లే పైకెక్కుతారు.

అన్నీ తెలిసి వచ్చారనుకోకండి. కొత్తవీ నేర్చుకోవలసి వచ్చింది. 2022 అక్టోబరులో మన దేశంలో 5జీ మొదలయ్యాక టవరు మీది పరికరాలే మారిపోయాయి. లావుపాటి కేబుళ్ల చోట వెంట్రుకంత గాజు పోగులొచ్చాయి. వాటిని అతకడం వేరే విద్య. అది తనకన్నా పదిహేనేళ్లు చిన్నవాడి దగ్గర కూర్చుని నేర్చుకున్నారు. కంప్యూటర్లో రిపోర్టు నింపడం పెద్దకూతురు నేర్పింది. "అమ్మ కంటే నాన్నే త్వరగా నేర్చుకున్నారు" అని ఆ పిల్ల సర్టిఫికెట్టు కూడా ఇచ్చింది.

ఎక్కడెక్కడ ఉంది ఈ పని?

యాంటెన్నా అంటే మనకు సెల్ టవరు, ఇంటి మీది డిష్షు మాత్రమే గుర్తొస్తాయి. ఒకప్పుడు ఈ పని తెలిసినవాళ్లకు దూరదర్శన్ రిలే కేంద్రాలు పెద్ద దిక్కు. 2022 నాటికి ఆ పాతరకం టీవీ ట్రాన్స్‌మిటర్లు దాదాపు అన్నీ మూతపడ్డాయి. కాబట్టి మామయ్య గారి కాలం సలహాలు ఇప్పుడు పనికిరావు. కానీ దిక్కులు తగ్గలేదు, మారాయంతే.

తిరుపతి దగ్గర గాదంకిలో జాతీయ వాతావరణ పరిశోధన ప్రయోగశాల ఉంది. అక్కడి ఎం.ఎస్.టి. రాడారులో ఒకే మైదానంలో 1024 యాంటెన్నాలు ఆకాశంలోకి చూస్తుంటాయి. అన్నీ మన డాబా మీది చేపముల్లు జాతివే! షాద్‌నగర్‌లో ఉపగ్రహాలు పంపే చిత్రాలను అందుకునే పెద్ద పెద్ద డిష్షులున్నాయి. శ్రీహరికోటలో రాకెట్టును వెంటాడే రాడార్లున్నాయి. మచిలీపట్నం, విశాఖపట్నాల్లో తుపానుల జాడ కనిపెట్టే వాతావరణ రాడార్లున్నాయి. విమానాశ్రయాల్లో మబ్బుల్లోంచి దిగే విమానానికి రన్‌వే దారి చూపేవీ యాంటెన్నాలే. హైదరాబాదులో 1967లో పెట్టిన ఇ.సి.ఐ.ఎల్. సంగతి సరేసరి. 2008లో చంద్రయాన్‌తో మాట్లాడటానికి బెంగళూరు దగ్గర బ్యాలాలులో నిలబెట్టిన 32 మీటర్ల యాంటెన్నా నిర్మాణంలో ఆ సంస్థకు పెద్ద పాలే ఉంది.

వీటన్నిటిలో ఊరికే పిలిచి ఉద్యోగమిస్తారని కాదు. ప్రకటన పడాలి, పరీక్ష రాయాలి, అర్హత పత్రం చూపాలి. కొన్నిచోట్ల నిర్వహణ పని కాంట్రాక్టు సంస్థల చేతిలో ఉంటుంది. కానీ 'బయట నా పనికి చోటే లేదు' అన్న నిరాశకు మాత్రం ఆస్కారం లేదు.

కాగితం విలువ

ఇక నిబంధనల సంగతి. మాజీ సైనికులకు కేంద్ర ప్రభుత్వ గ్రూప్-సి ఉద్యోగాల్లో 10 శాతం రిజర్వేషను ఉంది. ప్రభుత్వ రంగ సంస్థల్లో, బ్యాంకుల్లో గ్రూప్-సి స్థాయిలో అది 14.5 శాతం. యుద్ధాల్లో అంగవైకల్యం పొందినవారి, అమరుల కుటుంబాల వాటా కూడా అందులోనే ఉంది. వయసు దగ్గర మంచి సౌలభ్యం ఉంది. అసలు వయసులోంచి సైన్యంలో పనిచేసిన ఏళ్లు తీసేస్తారు. మిగిలింది గరిష్ఠ వయసు కంటే మూడేళ్లకు మించి ఎక్కువ కాకపోతే చాలు.

పది పాసై పదిహేనేళ్లు సర్వీసు చేసినవారిని డిగ్రీ అడిగే కొన్ని గ్రూప్-సి ఉద్యోగాలకు అర్హులుగా చూస్తారు. చాలామంది ఇక్కడే పొరబడతారు. సాంకేతిక అర్హత తప్పనిసరి అన్న ఉద్యోగాలకు ఈ వెసులుబాటు చెల్లదు. యాంటెన్నా పనిలోనే కొనసాగాలంటే విడిగా ఒక సాంకేతిక ధ్రువపత్రం ఉండాల్సిందే. దానికి దారులున్నాయి. రక్షణ శాఖ కింద పునరావాస డైరెక్టరేటు జనరల్ (డి.జి.ఆర్.) ఉంది. సర్వీసు ఆఖర్లో ఉన్న జవాన్లకు అది రకరకాల కోర్సులు చెప్పిస్తుంది. మా మరిది గారు అది వాడుకోలేదు. ఆఖరి ఏడాదంతా సరిహద్దులోనే గడిచింది, అడగాలని కూడా తోచలేదు. ఈ సంగతి మా చెల్లెలికి ఎక్కడ తెలిసిందనుకున్నారు? మిలటరీ క్యాంటీను క్యూలో, సబ్బులూ నూనెలూ కొనడానికి నిలబడితే, ముందున్న ఇంకో జవాను భార్య చెప్పింది! అప్పటికే ఏడాది దాటిపోయింది.

అయినా ఇంకో దారి దొరికింది. ముందే వచ్చిన పనికి పరీక్ష పెట్టి గుర్తింపు పత్రమిచ్చే పద్ధతి 'ఆర్.పి.ఎల్.' అని ఒకటుంది. 2015లో మొదలైన ప్రధానమంత్రి కౌశల్ వికాస్ యోజనలో దీనికీ చోటు కల్పించారు. టవర్ టెక్నీషియను, ఆప్టికల్ ఫైబరు అతికే పని లాంటివి టెలికాం నైపుణ్య మండలి గుర్తించిన పనుల్లో ఉన్నాయి. మరిది గారు ఆ పరీక్ష రాసి పత్రం తెచ్చుకున్నారు. పదిహేడేళ్ల పనికి ఒక్క కాగితం! కానీ ఆ కాగితం వచ్చాకే జీతం పెరిగింది.

ఇంకో జాగ్రత్త. కంగారులో ఏ చిన్న సర్కారీ కొలువులోనో రెగ్యులరుగా చేరిపోతే, మాజీ సైనికుడిగా రిజర్వేషను వాడుకునే అవకాశం అక్కడితో అయిపోతుంది. అప్పటికే పెట్టుకున్న దరఖాస్తులుంటే, చేరేటప్పుడే ఆ వివరాలన్నీ ఆ ఆఫీసులో రాసివ్వాలి. అప్పుడే వాటికి ఆ ప్రయోజనం నిలుస్తుంది.

నాలుగేళ్లకే వచ్చేవాళ్లు

ఇప్పుడీ సంగతి రాయడానికి ఇంకో కారణం ఉంది. 2022లో అగ్నిపథ్ పథకం వచ్చింది. ఇందులో చేరిన పిల్లలు నాలుగేళ్లు పనిచేస్తారు. నూటికి ఇరవై అయిదు మందిని మించి కొనసాగించరు. మిగిలినవారు సుమారు 11.71 లక్షల రూపాయల సేవానిధితో ఇంటికొస్తారు. పింఛను లేదు. 2022 చివర్లో, 2023 మొదట్లో శిక్షణకు వెళ్లిన తొలి బ్యాచ్‌కి నాలుగేళ్లు 2026-27తో నిండుతాయి. వీళ్లలో సిగ్నల్స్‌కీ, రాడార్లకీ వెళ్లినవాళ్లూ ఉంటారు. నౌకాదళంలో, వైమానిక దళంలో చేరిన ఆడపిల్లలూ ఉన్నారు. ఇకమీదట పెట్టె దించేది అల్లుడే కానక్కర్లేదు, మన కూతురు కూడా కావచ్చు.

ముప్పై ఏడేళ్ల మనిషికి పింఛను ఆసరా ఉంది కాబట్టి ఆరు నెలలు ఆగగలిగాడు. ఇరవై మూడేళ్ల బిడ్డకు అదీ లేదు. పైగా చేతిలో ఒకేసారి అంత డబ్బు! ఇంటి మీద మరో అంతస్తు వేద్దామనో, పెళ్లి చేసేద్దామనో తొందరపడకుండా, ముందు ఆ బిడ్డ నేర్చిన పనికి ఒక డిప్లొమానో, ఐటిఐ పత్రమో తోడు చేయడం గురించి తల్లులు ఆలోచించాలి.

ఇల్లాలు చేయగలిగినవి

ఇవి మా చెల్లెలు చెప్పగా రాసుకున్నవి.

* రెండేళ్ల ముందే మొదలుపెట్టండి. సెలవుకి వచ్చినప్పుడల్లా ఒక గంట కూర్చుని, ఆయన చేసే పనేమిటో అడిగి రాయండి. తిరిగొచ్చాక అడిగితే సగం మరిచిపోతారు.

* స్థావరాలు, పరికరాల పేర్లు, ఫ్రీక్వెన్సీలు రాయవద్దు. ఏం చేయగలరో రాయండి.

* డిశ్చార్జి పుస్తకం, ట్రేడు పత్రాలు, శిక్షణ పత్రాలు అన్నీ నకళ్లు తీసి ఒకచోట పెట్టండి. పేరు, పుట్టినతేదీ అన్నిట్లో ఒకేలా ఉన్నాయో లేదో చూడండి. ఒక్క అక్షరం తేడాకి నెలలు తిరగాల్సి వస్తుంది.

* జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయంలో పేరు నమోదు చేయించండి. సైన్యం, నౌకాదళం, వైమానిక దళం మూడింటికీ ఉద్యోగాలు చూపే విభాగాలు వేర్వేరుగా ఉన్నాయి. అక్కడా నమోదు చేయించండి.

* టవరు పనికి పంపేముందు ప్రమాద బీమా ఉందా, ఒళ్లంతా పట్టి ఉంచే రక్షణ బెల్టు సంస్థే ఇస్తుందా అని మొహమాటం లేకుండా అడిగించండి. ఆ బెల్టుకి రెండు కొక్కేలుంటాయి. ఒకటి తీసేటప్పుడు రెండోది తగిలించే ఉండాలి. పనిచేస్తున్న యాంటెన్నాకి ఎదురుగా నిలబడకూడదు, ప్రసారం ఆపించాకే దగ్గరికి వెళ్లాలి. ఇవి ఆయనకు తెలుసు. మీకూ తెలుసని ఆయనకు తెలిస్తే ఇంకొంచెం జాగ్రత్తగా ఉంటారు!

* ఇంట్లో ఆయనకంటూ ఒక పని వదిలిపెట్టండి. పదిహేడేళ్లు అన్నీ మనమే చేసుకున్నాం కదా అని ఇంకా మనమే చేస్తుంటే, ఆయన అరుగుకీ పరాయివాడే, ఇంటికీ పరాయివాడే.

పండగ మర్నాడు మేం బయల్దేరుతుంటే వాళ్ల వీధిలో ఒక కుర్రాడు మరిది గారి కోసం వచ్చాడు. ఈ మధ్యనే సైన్యం నుంచి వచ్చేశాడట. చేతులు కట్టుకుని గుమ్మంలోనే నిలబడ్డాడు. "ఏదైనా సెక్యూరిటీ ఉద్యోగం ఉంటే చెప్పండి అన్నా" అన్నాడు.

మరిది గారు కుర్చీ లాగి కూర్చోమన్నారు. "అది తర్వాత చూద్దాం. అక్కడ నువ్వేం పని చేసేవాడివి?"

"ఏముందన్నా... జనరేటర్లు చూసుకునేవాణ్ణి."

మా చెల్లెలు లోపలికి వెళ్లి నోట్‌బుక్కూ పెన్నూ పట్టుకొచ్చింది.

మీ వీధిలోనూ ఇలాంటి మనిషి ఉండే ఉంటాడు. ఈసారి కనిపిస్తే, 'ఇంకేం చేద్దామని?' అనకండి. 'అక్కడేం చేసేవాడివి నాయనా?' అని అడగండి. అడిగి, పూర్తిగా చెప్పేదాకా వినండి.